ఫిరంగి మైదానములందలి గ్రద్దగూళ్లు

ఏ జాతియైనను తాను పూజించుదానిని తప్పక కాపాడుకొనునని మనము సామాన్యముగా తలంచుచుందుము. విచారించి చూచినచో ఈ తలంపు నిలువదు. నదిని తల్లియని మ్రొక్కి, మ్రొక్కిన నీటిలోనే ఊరి మురుగును కలుపువారు మన కన్నులయెదుటనే యున్నారు. పూజ వేఱు, సంరక్షణ వేఱు. మొదటిదానికి భక్తి చాలును. రెండవదానికి జ్ఞానము, నియమము, నిగ్రహము కావలయును. ఈ భేదమును బోధించు చరిత్ర యొకటి అమెరికా సంయుక్తరాష్ట్రములందు కలదు. ఆ దేశము తన రాజముద్రికపై నిలుపుకొన్న పక్షిని తొలుత తుపాకులతో చంపెను. పిదప తెలియకయే విషముతో చంపెను. తుదకు శాసనముచేతను, ఓపికతో చేసిన లెక్కలచేతను బ్రదికించుకొనెను. ఆ బ్రదికిన గూళ్లలో కొన్ని ఫిరంగులు పరీక్షించు సైనికభూములయందే యుండుట యీ చరిత్రలోని విశేషము. అది యెట్లు సంభవించెనో, దానినుండి మనము గ్రహింపదగినదేమో తెలుపుటకే యీ వ్యాసము.

ముందుగా ఆ పక్షిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఇంగ్లీషున దీనిని బాల్డ్ ఈగిల్ అందురు. బాల్డ్ అను మాటకు నేటి వాడుకలో బట్టతల యని యర్థము. కాని ఈ పక్షి తల బోడిది కాదు. పూర్వము ఆ మాటకు తెల్లని మచ్చ గలదను నర్థము కూడ నుండెను. కావున మనము దీనిని తెల్లతల గ్రద్ద యనుట యుక్తము. దేహము ముదురు గోధుమవన్నె. తలయు తోకయు తెలుపు. ఈ తెలుపు పుట్టుకతో రాదు. సుమారు అయిదవ యేట పూర్ణముగా వచ్చును. దీని ముఖ్యాహారము చేప. అందువలన సముద్రతీరములందు, ఏటియొడ్డులందు, సరస్సులచెంత పెద్ద చెట్లపై గూడు కట్టును. ఆలుమగలు కలిసి గూడు కట్టి, వీలున్నంత వఱకు ఏటేట ఆ గూటికే వచ్చి, క్రొత్త పుల్లలు చేర్చి పెంచుచుండును. ఫ్లోరిడా రాష్ట్రమున నొక గూడు తొమ్మిదిన్నర అడుగుల వెడల్పును, ఇరువది యడుగుల లోతును కలిగి, రెండు టన్నులకు మించి తూగెను. ఒకటి మొదలు మూడు వఱకు గ్రుడ్లు పెట్టి, ముప్పదియైదు దినములు పొదిగి, పిల్లలను పది పండ్రెండు వారములు గూటిలో పెంచును.

ఈ వివరములు నిరర్థకములు కావు. ఈ పక్షికి గూడనగా ఒక యేటి మజిలీ కాదు, తరతరముల యిల్లు. చెట్టును నఱికినచో ఏండ్ల శ్రమ పోవును. చెట్టు నఱుకకున్నను, పొదుగు దినములలో మనుష్యుడు క్రిందుగా పలుమార్లు తిరిగినచో తల్లి లేచిపోవును, గ్రుడ్లు చల్లబడును, ఆ సంవత్సరపు సంతానము లేకుండ పోవును. కనుక గూడును కాపాడుటయనగా చెట్టును కాపాడుట మాత్రమే కాదు; చుట్టునున్న నిశ్శబ్దమును, దూరమును, ఋతువును కాపాడుట.

1782వ సంవత్సరము జూన్ 20వ తేదీన అమెరికా కాంగ్రెసు తన రాజముద్రికకు ఈ గ్రద్దరూపము నంగీకరించెను. రెండేండ్లకు, అనగా 1784లో, బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన కుమార్తెకు వ్రాసిన జాబులో, ఇతర పక్షి కష్టపడి పట్టిన చేపను లాగుకొని తిను ఈ పక్షి జాతికి గుర్తుగా నుండదగినది కాదని పరిహాసమాడెను. ముద్రికపై గ్రద్ద గౌరవముగానే యుండెను. చెట్టుపై గ్రద్దకు మాత్రము ఆ గౌరవము దక్కలేదు. కోళ్లను, గొఱ్ఱెపిల్లలను ఎత్తుకొనిపోవునను నెపమున రైతులు కాల్చిరి. వినోదమునకు వేటకాండ్రు కాల్చిరి. అలాస్కాలో, సాల్మన్ చేపలను తిని మత్స్యవ్యాపారమును పాడుచేయుచున్నదని నేరము మోపి, 1917 మొదలు 1953 వఱకు చంపినవారికి ప్రభుత్వమే బహుమానమిచ్చెను. కాళ్లు తెచ్చి చూపినవారికి మొదట పక్షి యొక్కింటికి అర డాలరు చెల్లించిరి. ఆ కాలమున చెలామణియైన అరడాలరు వెండినాణెము వెనుకవైపున చెక్కినది గ్రద్దబొమ్మయే! ఈ తీరున లక్షకు మించిన పక్షులకు వెల కట్టబడెను. బొమ్మకు గౌరవము, ప్రాణికి తుపాకిగుండు: ఇంతకన్న స్పష్టముగా చిహ్నపూజ యొక్క శూన్యతను చూపు దృష్టాంతము దొరకుట యరుదు.

పక్షి తగ్గిపోవుచున్నదని కనుగొన్న పిమ్మట 1940 జూన్ 8వ తేదీన తెల్లతల గ్రద్ద సంరక్షణ శాసనము పుట్టెను. పక్షిని చంపుటయు, పట్టుటయు, అమ్ముటయు, గ్రుడ్లను గూడును తీయుటయు నేరములయ్యెను. అలాస్కాను మాత్రము శాసనమునుండి మినహాయించిరి. ఒకే జెండా క్రింద, ఒక చోట నేరమైనది మఱియొక చోట బహుమానమునకు పాత్రమయ్యెను. అయినను ఈ శాసనము మేలైనదే. తుపాకి బెడదను చాల వఱకు తగ్గించెను. కాని అప్పటికే తుపాకికన్న నిశ్శబ్దమైన శత్రువు బయలుదేరియుండెను.

1939లో స్విట్జర్లాండు దేశీయుడగు పాల్ ముల్లర్ డి.డి.టి. యను రసాయనమునకు క్రిముల జంపు శక్తి కలదని కనుగొనెను. రెండవ ప్రపంచ సంగ్రామమున సైన్యములకు అది వరమయ్యెను. 1943-44 శీతకాలమున ఇటలీలోని నేపుల్సు నగరమున పేలవలన వ్యాపించిన టైఫసు జ్వరమును ఆ పొడితో అణచిరి. దోమలను చంపి మలేరియానుండి సైనికులను కాపాడిరి. వేలకు వేలు ప్రాణములు దానివలన నిలిచినవి. 1948లో ముల్లరుకు నోబెల్ బహుమానము లభించెను. ఈ మేలును మఱచుట న్యాయము కాదు. యుద్ధము ముగిసిన పిమ్మట మాత్రము ఆ మందు సైన్యపు గిడ్డంగులనుండి అంగళ్లకు వచ్చెను. పొలములపై, అడవులపై, తడినేలలపై విమానములనుండి చల్లిరి. అది నేలనుండి నీటికి, నీటినుండి పురుగుకు, పురుగునుండి చిన్నచేపకు, చిన్నచేపనుండి పెద్దచేపకు చేరి, మెట్టుమెట్టునకు చిక్కబడి, తుదకు చేపలను తిను గ్రద్ద దేహమున నిలిచెను.

దీని ఫలితమును మొట్టమొదట గమనించినవారిలో ఒకడు శాస్త్రజ్ఞుడు కాడు. చార్లెస్ బ్రోలీ యనునతడు కెనడాలో బ్యాంకుద్యోగము చేసి విశ్రాంతి పొందినవాడు. 1939 మొదలు చలికాలములందు ఫ్లోరిడాకు వచ్చి, వృద్ధాప్యమున సైతము త్రాటినిచ్చెనలతో చెట్లెక్కి, వేయికి పైగా గ్రద్దపిల్లల కాళ్లకు గుర్తుకడియములు తొడిగెను. 1947 తరువాత గూళ్లలో పిల్లలు కానరాకపోవుటను అతడు చూచెను, అందుకు డి.డి.టి. కారణము కావచ్చునని 1958లో వ్రాసెను. 1962లో వెలువడిన తన గ్రంథమున రేచెల్ కార్సన్ బ్రోలీ లెక్కలను లోకమునకు చూపెను. 1967లో ఇంగ్లండునందు డెరిక్ రాట్‌క్లిఫ్, మఱుసటి యేట అమెరికాలో హికీ, ఆండర్సనులు, పాతకాలమున సేకరించి దాచిన గ్రుడ్లతో పోల్చి, వేటపక్షుల గ్రుడ్ల పెంకులు పలుచబడినట్లు నిరూపించిరి. కోళ్లను పెంచిన యిల్లాండ్రకు తోలుగ్రుడ్డు తెలియును. అట్లే, డి.డి.టి. విఱిగి మిగిలిన పదార్థము పెంకునకు సున్నము చేరకుండ చేయగా, పొదుగుటకు కూర్చున్న తల్లి బరువునకే గ్రుడ్డు చితికిపోవుచుండెను. తల్లి ప్రేమయే సంతానమునకు మృత్యువయ్యెను. 1963లో అలాస్కాయు హవాయియు కాక తక్కిన 48 రాష్ట్రములందు లెక్కకు వచ్చిన గూటిజంటలు 417 మాత్రమే.

ఇక సైనికభూముల సంగతి. 1917లో అమెరికా మొదటి ప్రపంచ సంగ్రామమున ప్రవేశించినప్పుడు, ఫిరంగులను పరీక్షించుటకు మేరీలాండు రాష్ట్రమున చెసపీక్ అఖాతపు టొడ్డున అబర్డీన్ అను చోట విశాలమైన భూమిని ప్రభుత్వము తీసికొనెను. అక్కడి రైతుకుటుంబములు తమ పొలములను, ఇండ్లను విడిచి పోవలసివచ్చెను. ఈ మాటను దాటవేయరాదు. ఆ నేల ఊరక దొరకినది కాదు. నేడు నేలయు నీరును కలిసి ఆ క్షేత్రము 72,000 ఎకరములకు పైబడియున్నది. పేలని గుండ్లు మన్నులో పడియుండుటచే అచ్చట ఎవ్వరును ఇల్లు కట్టలేరు, పడవరేవు వేయలేరు, చెట్లు నఱికి విహారగృహము లేపలేరు. అఖాతము చుట్టును ఊళ్లు పెరిగి, ఒడ్డులన్నియు ధనికుల యిండ్లతో నిండుచుండగా, ఈ నిషిద్ధభూమిలో మాత్రము ఎత్తైన చెట్లు నీటియొడ్డున నిలిచియుండెను. చెసపీక్ ప్రాంతమున 1970 నాటికి గ్రద్దజంటలు నూటికి లోపునకు దిగెను. 1972లో విలియం రకల్‌షాస్ అధిపతిగానున్న పర్యావరణ సంరక్షణ శాఖ డి.డి.టి. వాడుకను నిషేధించిన పిమ్మట విషము మెల్లమెల్లగా తగ్గ నారంభించెను. పక్షులు మరల పెరిగెను. పెరిగిన పక్షులకు గూడు కట్టుటకు చెట్టు కావలెను గదా! అట్టి చెట్లు మిగిలియున్న తావులలో అబర్డీన్ ముఖ్యమైనది. వర్జీనియాలోని ఫోర్ట్ బెల్వాయిర్ సేనాశిబిరమునందును నీటియొడ్డు అడవులు గ్రద్దలకు ఆశ్రయమయ్యెను. చెసపీక్ గూళ్లను ఏండ్ల తరబడి ఓర్పుతో లెక్కించిన జాక్సన్ ఎబట్ పేర అక్కడ నొక తడినేల ఆశ్రయము వెలసినది.

దీనినిబట్టి సైన్యమే పక్షులకు పరమమిత్రమని తలపవచ్చునా? తలపరాదు. సైనికభూమి పక్షిని కాపాడినదనుటకన్న, మనుష్యులను రానీయకపోవుటవలన పక్షి తనంతట బ్రదికినదనుట సత్యమునకు దగ్గఱ. అది పుణ్యము కాదు, యాదృచ్ఛికము. యాదృచ్ఛికమైనది ఒకచోట మేలు చేసినట్లే మఱియొకచోట కీడును చేయగలదు. అందుకు అలాస్కాయే సాక్షి. ఆంకరేజి నగరసమీపమున ఫోర్ట్ రిచర్డ్‌సన్‌కు చెందిన ఈగిల్ రివర్ ఫ్లాట్స్ అను చిత్తడినేలను సైన్యము ఫిరంగిగుండ్లకు గుఱిగా చాలకాలము వాడెను. ఆ తావు పేరులోనే గ్రద్ద కలదు. 1980 తరువాత అచ్చట బాతులు గుంపులుగా చచ్చుచుండుట గమనించిరి. పదియేండ్ల పరిశోధన మీదట, పొగ పుట్టించుటకు గుండ్లలో నింపు తెల్లభాస్వరము బురదలో కరగక నిలిచి, మేతకై ముక్కుతో కెలకు బాతుల కడుపులో చేరుచున్నదని తేలెను. చచ్చిన బాతులను తిన్న గ్రద్దలును చచ్చెను. సైన్యము ఆ గుండ్లను అచ్చట కాల్చుట మాని, మడుగుల నీటిని తోడి, బురదను ఎండబెట్టి భాస్వరమును హరింపజేసెను. మనుష్యుడు రాని చోటెల్ల పుణ్యక్షేత్రము కాదని ఈ యుదంతము తెలుపుచున్నది.

కీడును మేలును ఒక్కచోటనే ముడివడియున్న కథ కొలరాడో రాష్ట్రమున కలదు. డెన్వరు నగరమునకు ఆనుకొని 1942లో రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అను రసాయనాయుధ కర్మాగారమును సైన్యము స్థాపించెను. యుద్ధకాలమున అచ్చట మస్టర్డ్ వాయువును, పిమ్మట సారిన్ అను నరములను చంపు విషమును తయారుచేసిరి. యుద్ధానంతరము ఆ కర్మాగారములో కొంతభాగమును వ్యాపారసంస్థలకు అద్దెకిచ్చిరి. అవి అక్కడ 1982 వఱకు పురుగుమందులను చేసెను. మురుగు విషము నేలలోను, భూగర్భజలములోను ఇంకెను. 1986 శీతకాలమున, మనుష్యులు ముక్కు మూసికొని తొలగిన ఆ నేలమీది చెట్లపై తెల్లతల గ్రద్దలు రాత్రులందు గుంపుగా విశ్రమించుచున్నట్లు కనుగొనిరి. అవి గూళ్లు కావు, చలికాలపు విడిదులు. అయినను శాసనము వానికిని వర్తించెను. పక్షి కనబడుటతో ప్రజల దృష్టి ఆ నేలపై పడెను. 1992లో కాంగ్రెసు దానిని శుభ్రపఱచి వన్యప్రాణి శరణ్యముగా చేయవలెనని శాసించెను. 2010 నాటికి ముగిసిన ఆ శుద్ధికి రెండు వందల కోట్ల డాలర్లకు మించి వ్యయమయ్యెను. దేశము నలుమూలల చనిపోయిన గ్రద్దలను చేర్చి, వాని యీకలను ఆ దేశపు ఆదిమజాతుల వారికి మతకర్మల నిమిత్తము పంచిపెట్టు జాతీయ భాండాగారము నేడు ఆ ప్రదేశముననే యున్నది. పురుగుమందు పుట్టిన చోటనే ఆ పక్షి యీక పవిత్రవస్తువుగా భద్రపఱుపబడుచున్నది.

యాదృచ్ఛికమును ధర్మముగా మార్చినది శాసనమే. 1960లో సైక్స్ చట్టము వచ్చెను. సైనికభూములలోని మత్స్యములను, వన్యప్రాణులను కాపాడుటకు సైన్యమును, వన్యప్రాణి శాఖయు, రాష్ట్రమును కలిసి పథకము వేసికొనవచ్చునని అది తెలిపెను. వేసికొనవచ్చుననుటకును, వేసికొని తీరవలెననుటకును నడుమ నెంత దూరమో సంఘసంస్కరణ చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కఱలేదు. 1997లో ఆ చట్టమును సవరించి, ప్రకృతిసంపద గల ప్రతి సైనికస్థానమును సమగ్రసంరక్షణ పథకమును వ్రాసికొని తీరవలెననియు, దానిని అయిదేండ్లకొకసారి పునఃపరిశీలింపవలెననియు విధించిరి. అమెరికా రక్షణశాఖ యధీనమున సుమారు రెండున్నర కోట్ల యెకరముల భూమి కలదు. అంత నేలకు ఈ విధి వర్తించెను.

గూటి విషయమున ఈ విధి యెట్లు ఆచరణలోనికి వచ్చునో చెప్పెదను. మొదట గూళ్లను వెదకి పటమున గుర్తింపవలెను. విమానములో తిరిగి చూచియు, కాలినడకను పోయియు, ఏటేట ఏ గూటిలో జంట యున్నది, ఎన్ని పిల్లలు లేచినవి అని వ్రాసికొందురు. 2007లో ప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకసూత్రముల ననుసరించి గూటిచుట్టును వలయములు గీయుదురు. గూటికి 330 అడుగుల లోపల చెట్లు నఱుకరాదు. గూటికి కంటపడు కట్టడపు పని 660 అడుగుల దూరమునకు ఆవల నుండవలెను. విమానములు పొదుగు ఋతువున వేయి అడుగుల లోపలికి రాకుండుట మంచిది. ప్రేలుడు మొదలగు పెనుశబ్దములకు అరమైలు దూరము నిర్ణయించిరి. అచ్చటి పక్షులు అంతకన్న నెక్కువ సహింపగలవని రుజువైనచో సడలింపు కలదు. చెసపీక్ తీరమున డిసెంబరు నడుమనుండి వేసవి వఱకు ఈ నిర్బంధము కఠినముగా నుండును. గూడు ఖాళీయైన మాసములలో సైనికుల పనికి వెసులుబాటు దొరకును. శిక్షణాధికారి తన కవాతునకు దారి నిర్ణయించుటకు ముందు ఈ పటమును చూడవలెను. చూచుటకు చిన్నపని, అలవాటు చేయుటకు ఒక తరము పట్టెను.

ఫిరంగిధ్వని నడుమ పక్షి యెట్లు నిలుచునని చదువరులకు సందేహము కలుగవచ్చును. ఈ సందేహమును ఊహతో తీర్పక, పరిశీలనతో తీర్ప యత్నించిరి. 1995లో అబర్డీన్‌నందు గూళ్లచెంతను, విశ్రాంతిస్థలములచెంతను కూర్చుండి ఆయుధముల పరీక్షాధ్వనికి పక్షులు చేయు చేష్టలను వ్రాసికొనిరి. పెక్కుమార్లు అవి కదలనైన కదలలేదు. ఆ క్షేత్రమున పిల్లలు లేచిన లెక్కయు చుట్టునున్న మండలములలోని లెక్కకు తీసిపోలేదు. అంతకుముందు అరిజోనాలో గూళ్లచెంత చేసిన పరిశోధనలో, వాహనములకంటె, విమానములకంటె కాలినడకను దగ్గఱకు వచ్చు మనుష్యుడే గ్రద్దను ఎక్కువగా కలవరపెట్టునని తేలియుండెను. దూరమున గర్జించి తన పని తాను చూచుకొను ఫిరంగికి పక్షి అలవాటుపడును. తనవైపు చూచుచు అడుగులు వేయు మనుష్యునికి అలవాటుపడదు. ఈ సత్యము మనకు వింతగా తోచినను, పక్షి దృష్టితో చూచినచో సహజమే. అయితే దీనినిబట్టి ధ్వని నిరపాయమని సర్వత్ర తీర్మానించుట తొందరపాటగును. ఏండ్ల తరబడి ఆ ధ్వనినడుమ పెరిగిన పక్షుల సహనము నేడు క్రొత్తగా ఫిరంగిని తెచ్చిన చోటి పక్షులకు ఉండకపోవచ్చును.

ఎదుటి పక్షమువారి వాదమును కూడ వినవలెను. సేనకు ప్రథమధర్మము దేశరక్షణ. శిక్షణకు అడ్డము వచ్చు ప్రతి నియమమును పోరాటమున సైనికుని ప్రాణముతో తూచవలెనని వారందురు. ఇది తీసివేయదగిన మాట కాదు. పక్షులవలన సైనికులకు అపాయము కూడ కలదు. 1995 సెప్టెంబరు 22వ తేదీన అలాస్కాలోని ఎల్మెన్‌డార్ఫ్ వైమానికస్థావరమున పెద్దబాతులు ఇంజనులలో చొరబడగా ఒక సైనికవిమానము కూలి 24 మంది మరణించిరి. కనుక విమానములు లేచు దారియొద్ద గూడు నిలుపుట దయ కాదు. అట్టి చోట అనుమతిపత్రము పొంది గూడును తొలగించుటకు చట్టమే దారి చూపుచున్నది. కాని అవసరము వేఱు, సౌకర్యము వేఱు. 2002లో వలసపక్షుల చట్టమునుండి యుద్ధశిక్షణకు మినహాయింపు కోరి పొందిరి. 2003లో, సైక్స్ పథకము సరిగా నున్న సైనికభూమిని అపాయస్థితిగల ప్రాణుల ప్రత్యేకనివాసముగా ప్రకటింపరాదని మఱియొక సడలింపు వచ్చెను. ఈ రెండవదాని గుణదోషములు ఆ పథకము యొక్క నిజాయితీపై ఆధారపడియున్నవి. పథకము ఆచరణలో నున్నచో సడలింపు వలన నష్టము స్వల్పము. కాగితముపై మాత్రమే యున్నచో ఆ సడలింపు రక్షణకు చిల్లు. 1940 నాటి గ్రద్దల శాసనము మాత్రము ఈ మినహాయింపులలో చేరలేదు. అందుచేతనే సైనికభూములలో గూటికి అది నేటికిని కోటగోడవలె నిలిచియున్నది.

ఈ గోడకును బీటలు కలవు. అబర్డీన్‌లో గ్రద్దలు ఫిరంగికి చావలేదు గాని, విద్యుత్తీగలపై వ్రాలి చచ్చెను. వెడల్పైన రెక్కలు రెండు తీగలను ఒక్కసారి తాకగా ప్రాణము పోవును. తీగలను ఎడముగా జరుపుటయు, ముసుగులు తొడుగుటయు, భూమిలో పాతుటయు దీనికి చికిత్స. ఇక సీసము. వేటకాండ్రు వదలిపోయిన జంతువుల పేగులలోని సీసపు తునకలను తిని గ్రద్దలు కుంగుచున్నవి. నీటిపక్షుల వేటలో సీసపు రవ్వలను 1991లో దేశమంతట నిషేధించిరి. కాని ఇతర వేటలలో ఆ లోహము పోలేదు. 38 రాష్ట్రములలోని పక్షులను పరీక్షించి 2022లో ప్రకటించిన పరిశోధనలో దాదాపు సగము పక్షుల ఎముకలలో బహుకాలపు సీసవిషము కనబడెను. గూటిచుట్టును గీచిన వలయము విషమును ఆపలేదు. చోటును కాపాడుట యొక సగము. గాలిని, నీటిని, ఆహారమును కాపాడుట రెండవ సగము.

అయినను ఫలితమును చూచి సంతోషింపకుండుట న్యాయము కాదు. 417 జంటలు 2007 నాటికి 9,789 జంటలయ్యెను. ఆ యేడు అపాయస్థితిగల ప్రాణుల పట్టికనుండి ఈ పక్షిని తొలగించిరి. 2021లో ప్రకటించిన లెక్క ప్రకారము ఆ 48 రాష్ట్రములందే 71,400 గూటిజంటలు, మొత్తము 3,16,700 పక్షులు కలవు. 2024 డిసెంబరులో దీనిని జాతీయపక్షిగా చట్టరీత్యా ప్రకటించిరి. 1782 నుండి ముద్రికపై నున్న పక్షికి ఆ బిరుదు చట్టమున లేకుండుటయే చిత్రము. బిరుదు లేకయే పక్షి బ్రదికెను. బిరుదువంటి గౌరవమున్న కాలముననే చచ్చెను. దానిని బ్రదికించినవి బిరుదులు కావు: విషమును ఆపిన ఉత్తరువు, చెట్టెక్కి పిల్లలను లెక్కించిన ముదుసలి, పటమును చూచి దారి మార్చుకొన్న అధికారి.

ఈ విషయము మనకు పరాయిది కాదు. ఒడిషాలో గహీర్మాత తీరమునకు ఎదుట క్షిపణులను పరీక్షించు అబ్దుల్ కలాం ద్వీపము కలదు. ఆ తీరమున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకొలది గ్రుడ్లు పెట్టు జనవరి మొదలు మార్చి వఱకు పరీక్షలు నిలుపుటకు రక్షణపరిశోధన సంస్థ సమ్మతించినట్లు 2023 డిసెంబరులో ఒడిషా ప్రభుత్వము ప్రకటించెను. మన కృష్ణాజిల్లాలో నాగాయలంక ప్రాంతమున క్షిపణి పరీక్షాకేంద్రమునకు 2025 మే నెలలో శంకుస్థాపన జరిగినది. ఆ దాపుననే కృష్ణా అభయారణ్యపు మడ అడవులును, చేపలు పట్టి బ్రదుకు నీటిపిల్లియు, తాబేళ్లు గ్రుడ్లు పెట్టు ఇసుకతీరమును కలవు. దేశరక్షణకు ఆ కేంద్రము కావలసినచో కావచ్చును. కాని దాని ప్రహరీ లోపలి ప్రాణుల సంగతి యేమని అడుగుటకు ఇప్పుడే తగిన సమయము. పునాదిరాయి పడిన నాడు అడిగిన ప్రశ్నకు గోడలు లేచిన పిమ్మట అడిగిన ప్రశ్నకన్న నెక్కువ విలువ యుండును.

అడుగవలసినవి పెద్ద ప్రశ్నలు కావు. ఏ ప్రాణి యెచ్చట గ్రుడ్లు పెట్టునో పటము వేసితిరా? ఏ మాసమున దీపములు తగ్గింతురు? ఏటేట లెక్క వ్రాయువారెవరు? ఆ లెక్కను ప్రజలు చూడవచ్చునా? మన గృహములలో చదువు వచ్చిన ప్రతి స్త్రీపురుషుడు అడుగదగిన ప్రశ్నలే యివి. కూర్మావతారమునకు మ్రొక్కు జాతి తాబేలు గ్రుడ్డును త్రొక్కకుండ నడచుట నేర్చుకొనవలెను. అమెరికావారు తమ గ్రద్ద విషయమున ఈ పాఠమును నేర్చుటకు రెండు వందల యేండ్లు పట్టెను. వారి ఖర్చుతో నేర్చిన పాఠమును మనము ఉచితముగా అందుకొనవచ్చును.